సెల్యూట్ కొట్టే చెయ్యి

"ఈ షాపు ఓనరు ఎవరండీ?"

రెబెకా గుమ్మంలో నిలబడి గట్టిగానే అడిగింది. అడిగాక లోపలికి దూసుకెళ్దామనుకుంది గానీ గొడుగు గుమ్మానికి అడ్డంపడింది. మూయడం మర్చిపోయింది. ఒకసారి లాగింది, ఇంకోసారి తోసింది. గొడుగు రాలేదు, పైనున్న వాననీళ్ళు మాత్రం మొత్తం ఆమె మెడమీదకొచ్చాయి. ఉప్పలగుప్తం నుంచి అమలాపురం దాకా బస్సులో కూర్చుని కూడగట్టుకున్న కోపం సగం అక్కడే తడిసిపోయింది.

"ఓనరూ నేనే, నౌకరూ నేనేనండి. గొడుగు మడిచి రండి, గుమ్మం చిన్నది" అన్నాడు లోపలున్న కుర్రాడు, తలెత్తకుండానే. టేబుల్ లైటు కింద ఒక పెద్దాయన భుజం మీద ఆంజనేయస్వామిని దిద్దుతున్నాడు.

"నన్ను గుర్తుపట్టేరా?"

అతను తలెత్తాడు. ఆమె మొహం చూడలేదు. కుడి ముంజేతి వైపు చూశాడు. చూడగానే అతని మొహం వెలిగిపోయింది.

"సీమోను కూతురు!"

"నా పేరు రెబెకా."

"పేరు మర్చిపోయేనండి, క్షమించాలి. చెయ్యి మాత్రం మర్చిపోలేదు." చేతిలో మిషన్ ఆపి గోడవైపు చూపించాడు. అక్కడ అద్దం ఫ్రేములో ఒక పెద్ద ఫోటో. ఆమె ముంజెయ్యే. దానిమీద నల్లటి గుండ్రటి అక్షరాల్లో 'సీమోను కూతురు'.

"ఇప్పుడొచ్చేవాళ్ళందరూ అలాంటి అక్షరాలే కావాలంటున్నారండి" అన్నాడు గర్వంగా.

"తీసెయ్యండి."

"ఫోటోనా అండీ?"

"ఫోటో కాదు. ఇది!" చెయ్యి చాపింది రెబెకా.

 పెద్దాయన భుజం కదిపాడు. "అమ్మాయ్, మీ గొడవ తర్వాత చూసుకుందురు గానీ, ముందు నా స్వామికి తోక పెట్టనీ" అన్నాడు.

తోక అయ్యేదాకా రెబెకా బెంచీమీద కూర్చుంది. కూర్చుని చెప్పేసింది. కేంద్ర పోలీసు బలగాల్లో కానిస్టేబుల్ సెలక్షన్‌కి వెళ్ళింది. రాతపరీక్ష పాసైంది. పరుగులో ఆడపిల్లలందరికంటే ముందొచ్చింది. చివర్న మెడికల్‌లో డాక్టరు ఆమె కుడిచెయ్యి చూసి పెన్ను పక్కన పెట్టేశాడు. సెల్యూట్ కొట్టే చేతిమీద పచ్చబొట్టు ఉండకూడదట. అన్‌ఫిట్.

"ఎడమచేతి మీదైతే పరవాలేదట. మీకు తెలుసా ఈ రూలు?"

అతను మిషన్ ఆపాడు. అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. రెబెకా కూడా అతను ఏదో బుకాయిస్తాడనే చూస్తోంది.

"తెలుసండి. మగపిల్లలొస్తే ముందే అడుగుతాను, సెలక్షన్లకి గానీ వెళ్తున్నారా అని. అమ్మాయిని అడగాలని తట్టలేదు."

"అంటే, అమ్మాయిలు సెల్యూట్ కొట్టరా?"

"కొడతారండి" అన్నాడతను నెమ్మదిగా. "ఇప్పుడు తెలిసింది."

అతని పేరు సన్నీ. ఊరు రాజోలు. అమలాపురంలో ఈ షాపు పెట్టి కొన్నాళ్ళైంది.

*

ఆ అక్షరాలు రెబెకా సరదాకి వేయించుకున్నవి కాదు.

సీమోను ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువు దగ్గర పనిచేస్తాడు. మేత వేయడం, నీళ్ళకి గాలి ఆడించే ఏరేటర్లు చూసుకోవడం, కాపలా. కూతురికి పరుగు ఇష్టమని తెలిసిన రోజునుంచి తెల్లారేసరికి సైకిలెక్కి, చెరువుగట్టు వెంబడి ఆమె పక్కనే తొక్కేవాడు. గస పెడుతుంటే "ఆగకమ్మా, ఆ కొబ్బరిచెట్టు దాకా" అనేవాడు. అది దాటాక "ఆ ఇంకో చెట్టు దాకా" అనేవాడు. జిల్లా పోటీల్లో మెడల్ వచ్చిన మర్నాడు రెబెకా ఎవరికీ చెప్పకుండా అమలాపురం వెళ్ళి, మెడల్ పట్టుకున్న చేతిమీదే ఆ మాట రాయించుకుని వచ్చింది.

సీమోను ఏడ్చాడు. తర్వాత చాలారోజులు, ఇంటికి ఎవరొచ్చినా "అమ్మా, మంచినీళ్ళు తే" అనేవాడు. నీళ్ళు ఇచ్చేటప్పుడు చెయ్యి కనపడాలి కదా.

సీమోను అన్నది అతని తాత పేరు కూడా. ఆ తాతకి అంతకు ముందు పేరుండేది గానీ, పొలం కామందులు నోటికొచ్చినట్టు పిలిచేవారు. బాప్తిస్మం పుచ్చుకున్నాక దొరికిన పేరది. ఎవరు వంకరగా పిలిచినా ఆయన పలికేవాడు కాదట. 'సీమోను' అని పూర్తిగా పిలిస్తేనే నాగలి ఆపేవాడట.

అలాంటి పేరు చెరపాలి ఇప్పుడు.

*

"మా ఫ్రెండు ఒక క్రీము చెప్పింది. రాస్తే పొరలు పొరలుగా ఊడిపోతుందట" అంది రెబెకా.

పెద్దాయన తోకతో సహా తృప్తిగా వెళ్ళిపోయాడు. సన్నీ గ్లౌజులు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"వద్దండి. బొబ్బలెక్కి మచ్చపడిపోద్ది. టాటూ ఉందని కాకుండా కాలిన మచ్చుందని పంపేస్తారు."

"పోనీ దీనిమీద ఇంకోటి వేసేస్తే?"

"అప్పుడు ఇంకా పెద్ద టాటూ అవుద్ది కదండీ."

రెబెకాకి నవ్వొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు నవ్వు రావడం ఇంకా కోపం తెప్పించింది.

"మరి మీరే చెయ్యండి ఏదో ఒకటి! వేసింది మీరేగా!"

"వెయ్యడం వరకే నాకు తెలిసిన పని. తియ్యడం డాక్టర్లు చెయ్యాలి, లేజరుతో. కాకినాడలో ఒక మేడమ్ ఉన్నారు. నేను తీసుకెళ్తాను." ఒక్క క్షణం ఆగి, "మీరు రమ్మంటేనే లెండి" అన్నాడు.

వాళ్ళిద్దరూ కాకినాడ బస్సెక్కిన రోజూ వానే. ఎదుర్లంక వంతెన మీద కిటికీలోంచి గోదావరి తుంపర మొహాన కొడుతుంటే రెబెకా అద్దం వెయ్యబోయింది. చేతికి అందలేదు. సన్నీ వేశాడు. వేసి, ఆమె చెయ్యి చూశాడు.

"ఒకటి చెప్పనా అండి? 'సీ' మీద గుడిదీర్ఘం ఉంది చూడండి. అది మీ నరం వంపు పక్కనుంచే తీసేను. పిడికిలి బిగించండి ఒకసారి."

బిగించింది. అక్షరం కదిలింది.

"నా జన్మలో అంత బాగా ఇంకోటి రాయలేదండి."

ఇన్నాళ్ళూ తన చేతిమీదే ఉన్నా, రెబెకా ఎప్పుడూ గమనించలేదు. బస్సు యానాం దాటేదాకా పిడికిలి బిగిస్తూ, వదులుతూ కూర్చుంది. సన్నీ కిటికీలోంచి బయటకి చూస్తున్నట్టు నటిస్తూ కూర్చున్నాడు.

డాక్టర్ ఉమామహేశ్వరి గారు అద్దాలు సవరించుకుని చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత సన్నీని చూశారు.

"మీరెవరు?"

"వేసినవాణ్ణండి."

"బావుంది. నేరస్థుణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చేవన్నమాట" అని నవ్వి, రెబెకా వైపు తిరిగారు. "వినమ్మా. నలుపు ఒక్కటే రంగు, అది మంచిదే. రబ్బరు బ్యాండుతో చురుక్కున కొట్టినట్టుంటుంది. ఒక్కసారితో పోదు. సిటింగుకీ సిటింగుకీ మధ్య నెలన్నర, రెండు నెలలు ఆగాలి. మన రంగు చర్మానికి తొందరపడితే మచ్చ పడుతుంది. ఎండ తగలనివ్వకూడదు. అంతా అయ్యాక కూడా నీడలాంటిది కాస్త మిగిలినా మిగలొచ్చు. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను."

"చెయ్యండి మేడమ్."

"ఉండు. ఎందుకు తీయించుకుంటున్నావు?"

"ఉద్యోగం కోసమండి."

"ఉద్యోగం ఎవరికి కావాలి?"

"నాకే."

"పెళ్ళి సంబంధం వచ్చిందని తల్లులు లాక్కొస్తారు. బాయ్‌ఫ్రెండు మీద కోపమొచ్చి కొందరు పరిగెత్తుకొస్తారు. వాళ్ళందరికీ చెప్పేదే నీకూ చెప్తున్నాను. ఇంటికెళ్ళు. కొన్నాళ్ళు ఫుల్ హ్యాండ్స్ వేసుకుని, అది లేనట్టే తిరిగి చూడు. అప్పటికీ కావాలనిపిస్తే రా. ఈ చెయ్యి నీది, నిర్ణయం కూడా నీదే. ఎవరి మొహమో చూసి రావద్దు."

*

చెరువుగట్టు మీద సాయంకాలం ఎండ ఏటవాలుగా పడుతోంది. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. సీమోను తెప్పమీద తిరుగుతూ మేత చల్లి, గట్టుకి వచ్చాడు. రెబెకా చెప్పాల్సింది చెప్పింది.

అతను అరచేతికి అంటుకున్న మేత పొడి దులుపుకున్నాడు. దులిపిందే మళ్ళీ దులిపాడు.

"మంచిదమ్మా" అన్నాడు.

అని, మళ్ళీ తెప్పెక్కి చెరువు మధ్యకి వెళ్ళిపోయాడు. మేత వెయ్యడం అప్పటికే అయిపోయింది. చేతిలో డబ్బా కూడా లేదు.

ఇంట్లో తల్లి దీనమ్మ మాత్రం ఊరుకోలేదు. "నా పేరు రాయించుకుంటే మూడక్షరాలతో పోయేది. నాన్న పేరూ, కూతురూ అంటూ ఆరక్షరాలు పొడిపించుకున్నావు. ఇప్పుడు అనుభవించు" అంది, కూతురికి అన్నం పెడుతూ. నవ్వించాలని అంది గానీ ఎవరూ నవ్వలేదు. సీమోను కంచం ముందునుంచి తొందరగా లేచిపోయాడు.

రెబెకా డాక్టరమ్మ చెప్పినట్టే ఫుల్ హ్యాండ్స్ వేసుకుంది. బజార్లో ఎవరూ చెయ్యి చూడలేదు, ఎవరూ అడగలేదు. ఆ చెయ్యి తనది కానట్టుగా అనిపించింది. తెల్లారి పరుగుకి లేవలేకపోయింది. మర్నాడూ లేవలేదు. బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడు, కాసేపాగి తీసిన చప్పుడు వినిపించాయి. దుప్పటి మొహమ్మీదకి లాక్కుంది.

చివరికి ఒకరోజు సన్నీ షాపుకి వెళ్ళి గుమ్మంలోంచే చెప్పేసింది.

"వద్దనుకున్నాను."

సన్నీ సూదులు సర్దుతున్నాడు. "మీ ఇష్టమండి."

"అంతేనా?"

"ఇంకేం అనమంటారు?"

"కాకినాడ దాకా వచ్చేరు. ఒక్క మాటైనా అనరా?"

"అయితే అంటాను. మీ నాన్నగారు వద్దన్నారా?"

"ఆయన మంచిదన్నాడు."

"మరి వద్దన్నది ఎవరండీ?"

 జవాబు లేనప్పుడు మనిషికి మాటలు బాగా వస్తాయి. "మీకేం! మీ గొప్ప పని అలాగే ఉంటుంది, మీ గోడమీద ఫోటో అలాగే ఉంటుంది. మీకు కావాల్సింది అదేగా!" అనేసింది.

సన్నీ లేచాడు. స్టూలెక్కి, ఫ్రేము దించి, గోడవైపు తిప్పి నేలమీద నిలబెట్టాడు.

"ఇప్పుడు చెప్పండి" అన్నాడు. "నా అక్షరం మీ దారికి అడ్డమైతే అది నాకేం గొప్పండి?"

ఆమె విసురుగా బయటికి వచ్చేసింది. వాన దంచుతోంది. నాలుగడుగులు వేశాక వెనకనుంచి పరుగు చప్పుడైంది. సన్నీ. చేతిలో ఆమె మర్చిపోయిన గొడుగు. ఇచ్చేసి, తడుస్తూనే వెనక్కి వెళ్ళిపోయాడు. గొడుగు అతనే విప్పి తెచ్చి ఉంటే ఇద్దరూ తడవకపోదురు కదా అని రెబెకాకి తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం గొడుగు విప్పి విసవిసా నడిచింది.

వాన తగ్గేదాకా నిలబడదామని కాలేజీ గ్రౌండు వైపు వెళ్ళింది. అక్కడ వానలోనే సెలక్షన్ల కోసం కొందరమ్మాయిలు పరిగెడుతున్నారు. అందరికంటే వెనక ఒకమ్మాయి డొక్క పట్టుకుని ఈడుస్తోంది.

"భుజాలు వదులు! చేతులు కిందకి! కిందకి!" అని అరిచింది రెబెకా, గోడ ఇవతలినుంచి.

ఆ అమ్మాయి చేతులు దించింది. కాళ్ళు కాస్త కదిలాయి. తర్వాతి మలుపు దగ్గర మళ్ళీ నడవబోయింది.

"ఆగకు! ఆ స్తంభం దాకా!"

ఎప్పుడు గొడుగు మడిచిందో, ఎప్పుడు లోపలికి వెళ్ళిందో రెబెకాకి తెలీదు. చెప్పులు గట్టున వదిలేసి, ఉత్తకాళ్ళతో, సల్వారు బురదలో తడుస్తుంటే ఆ అమ్మాయి పక్కన పరిగెడుతోంది. స్తంభం దాటింది. ఇంకో స్తంభం దాటింది. అమ్మాయి ఆగిపోయాక కూడా ఆగలేదు. గుండె నిండా గాలి. ఎన్నాళ్ళైంది ఇలా ఊపిరి పీల్చి!

గ్రౌండు చుట్టి వచ్చేసరికి ఆమెకి అర్థమైంది. నాన్న కోసమని ఆగిందనుకుంది గానీ, నాన్న మొహంలో ఆ బాధ చూడలేక పారిపోయింది. ఆ ఉద్యోగం, ఆ డ్రెస్సు, పరేడ్ గ్రౌండులో అడుగులో అడుగు వేసి నడవడం, అవి తనకి కావాలి. ఎవరికోసమో కాదు, తనకే.

"మీరు సెలెక్టయ్యేరా అక్కా?" అడిగిందా అమ్మాయి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని.

"అవుతాను" అంది రెబెకా.

*

"నాన్నా, తీయించుకుంటాను. నీకు బాధగా ఉంటుందని తెలుసు. అయినా తీయించుకుంటాను."

సీమోను గట్టుమీద కూర్చుని వల అల్లుతున్నాడు. దారం లాగి బిగించాడు.

"బాధగానే ఉంటుందమ్మా" అన్నాడు. "మంచిదన్నాను గానీ, నాకేం మంచిగా లేదు. మా తాత గుర్తొచ్చేడు. ఉండనీ. నా బాధ నేను పడతాను. నీ పరుగు నువ్వు పరిగెత్తు." దారం ముడేసి పళ్ళతో తెంపాడు. "ఇన్నాళ్ళ నుంచీ సైకిలు పట్టుకుని వాకిట్లో నిలబడుతున్నాను. అది నా పేరు చూసుకోడానికి కాదే. కాకినాడ ఎప్పుడెళ్ళాలి? నేనూ వస్తాను."

చర్చికి వేసుకెళ్ళే తెల్లచొక్కా, తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. సన్నీ బస్టాండులో వాళ్ళకోసం నిలబడి ఉన్నాడు. రమ్మని రెబెకాయే మెసేజ్ పెట్టింది. 'ఆ రోజు అన్నదానికి సారీ' అని కూడా పెట్టింది. 'ఏమన్నారో గుర్తులేదండి' అని అతను జవాబిచ్చాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

క్లినిక్‌లో అడుగుపెట్టగానే నర్సు సన్నీని చూసి పలకరించింది. "మీ కాలు ఎలా ఉందండీ? టాటూ తీసినచోట మంట తగ్గిందా?"

"ఆయ్, తగ్గిందండి" అని సన్నీ గొణిగాడు.

రెబెకా తలతిప్పి చూసింది. ఇతనూ తీయించుకుంటున్నాడా? ఏ అమ్మాయి పేరు? ఎందుకు చెప్పలేదు? లోపల పడుకోబెట్టి, కళ్ళకి నల్లద్దాలు పెట్టి, లేజరు మొదలుపెట్టారు. చురుక్కుమంది. పళ్ళబిగువున ఓర్చుకుంటూ కూడా ఆమె ఆలోచిస్తున్నది ఆ పేరు గురించే. లత అయ్యుంటుందా? లిల్లీయా? అడుగు పొడుగునా రాయించుకుని ఉంటాడు, దుర్మార్గుడు.

సీమోనుకి కూడా నల్లద్దాలు పెట్టారు. ఆయన అవి పెట్టుకుని నిటారుగా కూర్చుని, కూతురి ఎడమచెయ్యి పట్టుకున్నాడు. "కొంచెం మెల్లిగా అండీ" అని డాక్టరుగారిని మాటిమాటికీ బతిమాలాడు.

బయటికి వచ్చాక కొబ్బరిబొండాల బండి దగ్గర ఆగారు. రెబెకా ఇక ఆగలేకపోయింది.

"ఎవరి పేరండీ?"

"ఏ పేరు?"

"మీ కాలిమీద చెరిపించుకున్న పేరు."

"పేరు కాదండి. పులస."

"పులస చేపా?"

"పని నేర్చుకునేటప్పుడు నా పిక్కమీద నేనే వేసుకున్నాను. పులస అనుకుని మొదలెట్టేను, చివరికి వంకాయలా వచ్చింది." సన్నీ బొండాంలో స్ట్రా వైపు చూస్తూ చెప్పాడు. "వేసేటప్పటి నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలుసండి. తీసేటప్పుడు ఎలా ఉంటుందో తెలీదు. మీరు పడేది ముందు నేను పడి చూద్దామని..."

రెబెకాకి చేతిమీద మంట ఒక్క క్షణం తెలియలేదు.

సీమోను తాగుతున్న బొండాం దించి ఆ కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు.  బండివాడివైపు తిరిగి, "ఈ బాబుకి ఇంకోటి కొట్టు. లేతది చూసి కొట్టు" అన్నాడు.

*

ఆ తర్వాత ప్రతి సిటింగుకీ సన్నీ తోడు వచ్చాడు. అక్షరాలు తడిగుడ్డతో తుడిచిన పలకలా పలచబడుతూ వచ్చాయి. 'కూతురు' ముందు పోయింది. 'సీమోను' మొండికేసింది. ఆ గుడిదీర్ఘమైతే చివరిదాకా కదలనంది.

"మరీ అంత గట్టిగా వేశారేంటండీ?" అంది రెబెకా ఒకసారి బస్సులో.

"గర్వంగా వేసేనండి."

"కాస్త తగ్గించుకోండి ఆ గర్వం."

"మిమ్మల్ని చూస్తుంటే పెరుగుతోంది గానీ తగ్గట్లేదండి."

రెబెకా కిటికీవైపు తిరిగింది. బయట గోదావరి చాలా బాగుంది. అంతసేపు దానివైపే చూడాల్సినంత బాగుందో లేదో మరి చెప్పలేం.

ఎండ తగలకుండా పొడుగుచేతుల బనియను వేసుకుని పరిగెత్తింది. సీమోను సైకిలు పక్కనే. కొత్త నోటిఫికేషన్ వచ్చింది. రాతపరీక్ష, పరుగు, అన్నీ దాటింది. మళ్ళీ మెడికల్.

డాక్టరు ఆమె కుడి ముంజెయ్యి వెలుతురులోకి తిప్పి, వేలితో రాసి చూశాడు.

"ఇక్కడ ఏమైనా ఉండేదా?"

"ఉండేది సార్."

"ఏముండేది?"

"మా నాన్న పేరు సార్" అంది రెబెకా, తల నిటారుగా పెట్టి.

ఆయన ఆమె మొహం వైపు ఒకసారి చూసి, ఫిట్ అని రాశాడు.

అమలాపురంలో బస్సు దిగి రెబెకా ఇంటికి ఫోన్ చేసింది. దీనమ్మ అరిచిన అరుపుకి చెవి గింగురుమంది. సీమోను ఫోన్ తీసుకుని "అమ్మా" అని, ఫోన్ మళ్ళీ దీనమ్మకే ఇచ్చేశాడు. ఆ తర్వాత ఆమె ఇంటి బస్సెక్కకుండా షాపుకి నడిచింది.

షాపులో సన్నీ ఒక్కడే ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు.

"ఫిట్" అంది.

అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఆమె చెయ్యి వైపు చూశాడు. అక్కడ గోధుమరంగు చర్మం తప్ప ఏమీ లేదు. తన జన్మలో అంత బాగా రాసింది ఇంకోటి లేదు, అది ఇప్పుడు ఎక్కడా లేదు. అయినా ఆ మనిషి నవ్వుతున్నాడు.

"చాలా సంతోషమండి" అన్నాడు. 

"ఇంకేం లేదా చెప్పడానికి?"

"ఉందండి. ఇన్నాళ్ళూ మీ చెయ్యి చూడ్డానికి నాకొక వంక ఉండేది. ఇవాళ్టితో అది కూడా పోయింది."

"వంక లేకుండా చూడకూడదని రూలుందా?"

సన్నీ బిక్కమొహం వేశాడు. రెబెకా చెయ్యి చాపింది. అతను అలవాటు కొద్దీ గ్లౌజుల డబ్బా వైపు తిరగబోయి, నాలిక్కరుచుకుని, ఉత్తచేత్తో పట్టుకున్నాడు.

"నేను ట్రైనింగుకి వెళ్ళిపోతాను. తర్వాత ఎక్కడ పోస్టింగు వేస్తారో తెలీదు. ఆలోచించుకోండి" అంది.

"ఆలోచించేనండి. చేతులకి పచ్చబొట్లు కావాల్సినవాళ్ళు దేశమంతా ఉన్నారు. మీరెక్కడుంటే అక్కడ షాపు పెట్టుకుంటాను."

"అయితే ఈసారి అమ్మాయిల్ని కూడా అడగండి, సెలక్షన్లకి వెళ్తున్నారా అని."

"ముందు వాళ్ళనే అడుగుతాను."

*

రాజోలుకి సీమోను తెల్లబట్టల్లోనే వెళ్ళాడు. వెంట దీనమ్మ, ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిన రెబెకా. సన్నీ నాన్న క్రాంతికుమార్ గారు రిటైరైన హెడ్మాస్టరు. హాల్లో గోడలనిండా ఫోటోలు. మిషన్ స్కూల్లో పాఠం చెప్పిన తాతగారు, తాలూకా ఆఫీసులో పనిచేసిన పెదనాన్నగారు, టీచరు మేనత్తలు. ఒక్కొక్కరినీ పేరుపేరునా పరిచయం చేశారు. కాఫీలు మాత్రం సన్నీయే తెచ్చాడు. తలెత్తకుండా అందిస్తుంటే, దీనమ్మ కూతురి చెవిలో, "అబ్బాయి సిగ్గరి కాబోలే" అంది.

"మీ సన్నీని మా అమ్మాయికి అడుగుదామని వచ్చేమండి" అన్నాడు సీమోను సూటిగా.

క్రాంతికుమార్ గారు గొంతు సవరించుకున్నారు. అమ్మాయి ఆయనకి నచ్చింది, అది మొహంలోనే తెలుస్తోంది. కానీ పెద్దమనిషి, దాచిపెట్టడం ఇష్టంలేదు.

"మాకూ సంతోషమేనండి. కానీ ముందే చెప్పేయాలి. మా తాతల కాలం నుంచీ ఈ ఇంట్లో అందరూ ఉద్యోగస్తులేనండి. పొలాల్లోంచి బయటపడి, చదువుకుని, ఆ జీతం మీదే నిలబడ్డాం. వీడొక్కడే సూది పట్టుకుని కూర్చున్నాడు. పని బాగా చేస్తాడంటారు. కానీ మావాడికి నెల జీతం లేదండీ."

 సన్నీ ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సీమోను కాఫీ కప్పు బల్లమీద పెట్టాడు. తొందరేమీ లేదు. భుజం మీద కండువా సవరించుకుని, గోడమీదున్న ఆ పెద్దవాళ్ళందరినీ ఒకసారి చూసి, క్రాంతికుమార్ గారి కళ్ళలోకి చూశాడు.

"మా అమ్మాయికి ఉందండి" అన్నాడు.